కారు రూఫ్ లైనింగ్ నెత్తిమీదకి దిగిపోయింది, గమ్ కొట్టి అంటించొచ్చా, మొత్తం విప్పాల్సిందేనా?

నెత్తిన_పందిరి (హైదరాబాద్):

అందరికీ నమస్తే. నాది 2010 మోడల్ జర్మన్ సెడాన్, డీజిల్, సన్‌రూఫ్ ఉంది. కంపెనీ పేరు రాయట్లేదు, రాస్తే థ్రెడ్ మొత్తం ఆ కంపెనీ గొప్పదా కాదా అనే గొడవతోనే నిండిపోద్ది, పైగా ఈ రోగం అన్ని కంపెనీల పాత బళ్ళకీ వచ్చేదే అంటున్నారు. 2017లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఇంజను బంగారం, గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించా, సస్పెన్షన్ బుష్‌లు మార్పించా, పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఇంకో అయిదేళ్ళకి ఆర్సీ రెన్యూవల్ కూడా అయిపోయింది, కాబట్టి అమ్మే ఉద్దేశం ఇప్పట్లో లేదు.

సమస్యల్లా రూఫ్ లైనింగే. పోయినేడు ఎండాకాలంలో వెనక అద్దం దగ్గర చిన్న బుడగలా లేచింది, అరచేత్తో నొక్కితే అతుక్కునేది, మధ్యాహ్నానికి మళ్ళీ లేచేది, సరేలే అని వదిలేశా. ఈ ఏడు మే నెల దాటేసరికి వెనక సగం మొత్తం ఊడి వేలాడుతోంది. అద్దాలు దించి అరవై దాటితే తెరచాపలా గాలి నింపుకుని పటపటా కొట్టుకుంటుంది, మిర్రర్‌లో చూస్తే వెనకొచ్చే లారీ కూడా కనపడట్లేదు. మా పెద్దాడు వాడి ఫ్రెండ్స్‌తో "మా నాన్న కార్లో షామియానా వేయించాడు" అని చెప్పుకుంటున్నాడు. ఇంకో దరిద్రం ఏంటంటే గుడ్డకీ పైనున్న అట్టకీ మధ్యలోంచి గోధుమరంగు పొడి రాలుతోంది, చూడ్డానికి వేయించిన శనగపిండిలా ఉంటుంది కానీ వేళ్ళతో నలిపితే జిగురుజిగురుగా మరకైపోద్ది. ఆఫీసులో నా భుజాల మీద ఆ పొడి చూసి మా టీమ్ లీడ్ పక్కకి పిలిచి చుండ్రుకి ఏదో షాంపూ పేరు చెప్పాడు, నాకున్నదే నాలుగు వెంట్రుకలు.

మూడు చోట్ల అడిగా. సర్వీస్ సెంటర్‌లో గుడ్డ విడిగా రాదు సార్, అట్టతో సహా మొత్తం మార్చాలి అని లక్షా నలభై చెప్పారు, అదీ ఆర్డర్ పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. ఇంటి దగ్గర సీట్ కవర్ల షాపువాడు ఏమీ విప్పక్కర్లేదు, సిరంజితో గమ్ ఎక్కించి నొక్కేస్తా, గంట పని, నాలుగున్నర వేలు అన్నాడు. ఇంకొకాయన మాత్రం మొత్తం విప్పి అట్ట బయటికి తీసి కొత్త గుడ్డ వేస్తా, పదహారు వేలు, బండి రెండ్రోజులు వదలాలి అన్నాడు. గంటలో అయ్యేదానికి రెండ్రోజులు ఎందుకో నాకు అర్థం కావట్లేదు. ఎవరైనా చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. సిరంజి పద్ధతి నడుస్తుందా?


జుగాడ్_రాజా:

బ్రో అంత సీన్ లేదు. స్క్రూలా మెలితిరిగిన పిన్నులు దొరుకుతాయి ఆన్‌లైన్‌లో, పైన ప్లాస్టిక్ గుండీ ఉంటుంది, గుడ్డలోంచి అట్టలోకి తిప్పడమే. నాది పాత సెడాన్, యాభై పిన్నులు డైమండ్ డిజైన్‌లో గుచ్చా, సోఫా లాగా ఉంది చూడ్డానికి, అందరూ ఇదేదో స్పెషల్ ఎడిషనా అని అడుగుతున్నారు. మూడొందలతో అయిపోయింది. పదహారు వేలు పెట్టి ఏం చేస్తావ్ దాన్ని.


బెజవాడ_బండి:

పిన్నులు నెలో రెణ్నెల్లో గడవడానికి అయితే సరే. కానీ ఒక్కమాట, మీ బండికి కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండే ఉంటాయి, తలుపుల పైన అంచు వెంబడి ముందు నుంచి వెనకదాకా మడతపెట్టి ఉంటాయి, గుద్దుకున్నప్పుడు అవి ఆ లైనింగ్ అంచుని తోసుకుని కిందికి దిగుతాయి. ఆ అంచుల్లో పిన్నులు గుచ్చొద్దు, అంచుని బాడీకి గమ్‌తో అంటించడం, స్క్రూ బిగించడం అసలే వద్దు. కొంతమంది షాపువాళ్ళు పని తొందరగా అవుతుందని పక్కల రెండు స్క్రూలు కొట్టేస్తారు, అలాంటిది కనపడితే తీయించేయండి. నడిమధ్యలో గుచ్చుకుంటే మీ ఇష్టం.

ఇక అసలు విషయానికి. మా మావయ్యది ఆటోనగర్‌లో సీట్ల షాపు, నా సెలవులన్నీ అక్కడ పాత రెగ్జిన్ పీకడంలోనే గడిచాయి కాబట్టి చెప్తున్నా. మీరు అనుకుంటున్నట్టు అక్కడ పోయింది గమ్ కాదండి, స్పాంజి. పైన రేకు, దానికింద అచ్చులో నొక్కిన గట్టి అట్ట, ఆ అట్టకి గమ్‌తో అంటించిన గుడ్డ. ఆ గుడ్డ ఒట్టి గుడ్డ కాదు, దాని వీపున మూడు మిల్లీమీటర్ల స్పాంజి ఫ్యాక్టరీలోనే అతికించి వస్తుంది. అందుకే కొత్త బండిలో పైన వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది, అట్టలో ఉన్న చిన్నచిన్న గుంతలు కూడా బయటికి కనపడవు. ఆ స్పాంజి పాలీయురేథేన్, వేడికీ గాలిలో తేమకీ ఏళ్ళ తరబడి నాని నాని పొడైపోతుంది. మన దగ్గర ఎండలో పెట్టిన బండి లోపల అరవై డిగ్రీలు దాటుతుంది, రేకుకి ఆనుకున్న చోట ఇంకా ఎక్కువ, దానికి తోడు బెజవాడ ఉక్కపోత, ఇక చెప్పేదేముంది. మీ భుజం మీద రాలిన శనగపిండి ఆ స్పాంజే. అట్ట వైపు గమ్ అట్టకి అంటుకునే ఉంది, గుడ్డ వైపుది గుడ్డకి అంటుకునే ఉంది, మధ్యలో పట్టుకునేది చచ్చిపోయింది.

ఇప్పుడు సిరంజితో గమ్ ఎక్కిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి, పిండి చల్లిన పీట మీద టేపు అంటించినట్టే. ఆ గమ్ పొడిని పట్టుకుంటుంది, పొడి దేన్నీ పట్టుకోదు. వారం నిలబడితే గొప్ప. పైగా వీపున స్పాంజి లేని పలచటి గుడ్డలోంచి గమ్ బయటికి ఊరి నూనె మరకల్లా మచ్చలు పడతాయి, ఆ మచ్చలు ఇక పోవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఇస్త్రీ పెట్టె ఆవిరి పట్టడం కూడా అంతే, ఉన్న గమ్ కాస్త కరిగి ఆ రోజుకి అతుకుతుంది, మర్నాడు ఎండకి మళ్ళీ మామూలే.

రెండ్రోజులు ఎందుకంటే, అట్ట బయటికి రావాలంటే దాన్ని పట్టుకున్నవన్నీ ఊడాలి. ముందు ఎండ కళ్ళలో పడకుండా దించుకునే సన్‌వైజర్లు రెండూ, పైన హ్యాండిల్స్ నాలుగూ, ముందు లైటు వెనక లైటు, సన్‌రూఫ్ చుట్టూ రబ్బరు బీడింగ్, తర్వాత అద్దాల పక్కన రూఫ్‌ని మోసే స్తంభాలు, అదే పిల్లర్లు, వాటి మీద ఉండే ప్లాస్టిక్ కవర్లు అన్నీ. మీ బళ్ళలో చాలా స్క్రూలు స్టార్ బిట్‌వే ఉంటాయి, మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పారంటే తల అరిగిపోతుంది. అట్ట కిందికి దిగాక సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, ముందు ఎడమ తలుపులోంచి ఇద్దరు పట్టుకుని ఏటవాలుగా లాగుతారు. ఇక్కడే ఓపిక ఉండాలి, అట్ట ఒక్కసారి మడత పడితే ఆ గీత జన్మలో పోదు, కొత్త గుడ్డ వేసినా దానిమీద కనిపిస్తూనే ఉంటుంది.

బయటికొచ్చాక పాత గుడ్డ ఒక్క లాగుకి వచ్చేస్తుంది, కానీ అట్టకి అంటుకున్న పొడి గీకడమే సగం పని. ఇనప బ్రష్ పెట్టనివ్వకండి, అట్ట పైపొర లేచిపోతుంది. బట్టలు ఉతికే నైలాన్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, వాక్యూమ్ పట్టి, మళ్ళీ రుద్ది, చివరికి అరచెయ్యి రాస్తే పొడి అంటకూడదు. మా మావయ్య అరచెయ్యి నల్లగుడ్డ మీద తుడిచి చూసేవాడు, గుడ్డ మీద పసుపు కనిపిస్తే కుర్రాళ్ళకి మళ్ళీ బ్రష్ చేతికిచ్చేవాడు. కొత్తగా వేసిన లైనింగ్ ఏడాదిలోపు ఊడిందంటే వందకి తొంభై సార్లు ఈ గీకడంలో బద్ధకించినందుకే అని ఆయన లెక్క, నా లెక్క కూడా.

గుడ్డ మాత్రం స్పాంజి అతికించిన లైనింగ్ గుడ్డే తీసుకోండి. అరవై అంగుళాల పన్నా వస్తుంది, మీ బండికి రెండున్నర మీటర్లు పడుతుంది, పిల్లర్లకి కూడా మార్చాలంటే ఇంకో మీటరు. ఎవడో ఒట్టి వెల్వెట్ గుడ్డ చూపించి రిచ్‌గా ఉంటుంది సార్ అంటాడు, పడిపోకండి.


నెత్తిన_పందిరి:

అయ్యబాబోయ్, ఇంత కథ ఉందా. థాంక్స్ అన్నా, సిరంజి క్యాన్సిల్.

రెండు డౌట్లు. ఒకటి, ఇది ఇంట్లో నేనూ మా తమ్ముడూ కలిసి చేసుకోగలమా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో? చేతిపని కొంచెం వచ్చు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటా. రెండోది, ముందు సన్‌రూఫ్ మూల దగ్గర కాఫీ ఒలికినట్టు అర్ధచంద్రాకారంలో మరక ఉంది, ఇది మాత్రం ఊడలేదు, గట్టిగానే ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?


డాలస్_డబ్బా:

మీ రెండు డౌట్లకీ నేనే సరైన మనిషిని, ఎందుకంటే రెండు తప్పులూ చేశా. ఇక్కడ టెక్సస్‌లో ఉంటాను, ఎండ మన రెంటచింతలకి ఏమీ తీసిపోదు, పాత లగ్జరీ సెడాన్ ఒకటి చవగ్గా దొరికిందని కొన్నా, ఎందుకు చవగ్గా ఇచ్చాడో పైకి చూస్తే తెలిసింది. ఇక్కడ షాపువాడు అడిగిన కూలీ వింటే ఇండియా టికెట్ గుర్తొచ్చింది, అందుకే గ్యారేజ్‌లో నేనూ మా రూమ్మేటూ శని ఆదివారాలు పెట్టుకుని చేశాం.

ముందు మరక సంగతి. అది పాత లైనింగ్ రోగం కాదు, సన్‌రూఫ్ నీళ్ళు. చాలామంది సన్‌రూఫ్ అంటే రబ్బరు బిగుతుగా పట్టి చుక్క రానివ్వదనుకుంటారు, అలా కాదు, కొంచెం నీళ్ళు రబ్బరు దాటి లోపల ట్రేలోకి వస్తాయి, ట్రే నాలుగు మూలలా సన్న గొట్టాలు ఉంటాయి, ముందు రెండూ ముందు పిల్లర్లలోంచి దిగి తలుపు కీళ్ళ దగ్గర బయటికి పోతాయి, వెనక రెండూ వెనక చక్రాల వైపు. ఆ గొట్టాల్లో దుమ్మూ ఆకులూ చేరి మూసుకుపోతే ట్రే నిండి లైనింగ్ మీదకి పొంగుతుంది. మీరు బండి ఏ చెట్టు కింద పెడతారో ఏమో. సన్‌రూఫ్ తెరిచి ముందు మూలలో ఒక టీ గ్లాసుడు నీళ్ళు నిదానంగా పొయ్యండి, అరనిమిషంలో ముందు చక్రం వెనక కింద కారుతుంటే గొట్టం బాగున్నట్టు. ట్రేలోనే నిలబడిందంటే మూసుకున్నట్టు. ఎయిర్ కంప్రెసర్ గన్ పెట్టి ఫుల్ ప్రెషర్ కొట్టొద్దు, గొట్టం లోపల కనెక్టర్ నుంచి ఊడిపోయిందంటే నీళ్ళు నేరుగా కార్పెట్‌లోకి పోతాయి, కింద ఉండే ఎలక్ట్రానిక్ డబ్బాలు తడిస్తే లైనింగ్ ఖర్చు గుర్తు కూడా రాదు. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ ఉంటుంది, దాన్ని మెల్లగా తోస్తూ తిప్పండి, చాలు. ఇది ఇప్పుడే చూసుకోండి, కొత్త గుడ్డ వేశాక మొదటి వానకి మరక పడితే ఆ బాధ పగవాడికి కూడా వద్దు. అట్ట కిందికి దించినప్పుడు గొట్టాల మొదళ్ళు కళ్ళకి కనిపిస్తాయి, అప్పుడు ఇంకోసారి చూడండి.

ఇప్పుడు నా తప్పుల చిట్టా. మొదటి తప్పు, బ్యాటరీ తీయకుండా పిల్లర్ కవర్లు ఊడదీశా. కవర్ వెనకే ఎయిర్‌బ్యాగ్ ఉందని తెలుసు, అయినా ఏం కాదులే అనుకున్నా. పేలలేదు కానీ మధ్యలో పాటల కోసం ఇగ్నిషన్ ఆన్ చేశా, అప్పటికి ఒక కనెక్టర్ ఊడి ఉంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంది, మళ్ళీ కనెక్టర్ పెట్టినా పోలేదు, ఆ ఎర్రర్‌ని స్కానర్‌తో తుడిపించుకోవాల్సి వచ్చింది. మీరు ముందు బ్యాటరీ నెగటివ్ తీసి ఓ పదిహేను నిమిషాలు టీ తాగి రండి, తర్వాతే పిల్లర్ల జోలికి వెళ్ళండి, అన్నీ తిరిగి బిగించేదాకా తాళంచెవి జేబులోనే ఉండాలి. ముందు పిల్లర్ క్లిప్పులు కొన్ని బళ్ళలో ఒకసారికే పనికొస్తాయి, ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు కవర్ ఎగిరి మొహాన పడకుండా పట్టుకునేవి అవే, కొత్తవి ముందే తెప్పించి పెట్టుకోండి, వాటి దగ్గర పిసినారితనం వద్దు.

రెండో తప్పు గుడ్డ అంటించడంలో. గుడ్డని దుప్పటి పరిచినట్టు బిగుతుగా లాగి పరిచి అంచులు అంటించేశా. వైజర్లు ఇమిడే పల్లాలు, లైట్ల చుట్టూ లోతులు ఉంటాయి కదా, అక్కడ గుడ్డ గాల్లో వంతెనలా నిలబడింది. గ్యారేజ్‌లో చూస్తే అద్దంలా ఉంది, ఎండలో వారం తిరిగేసరికి ఆ లోతుల దగ్గర మళ్ళీ బుడగలు. రెండోసారి మొత్తం పీకి మళ్ళీ చేశా. ఈసారి గుడ్డని అట్ట మీద వదులుగా వేసి సగం వెనక్కి మడిచి, అట్టకీ స్పాంజికీ రెండిటికీ స్ప్రే కొట్టి, చేతికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, నడిమధ్య నుంచి మొదలుపెట్టి ముందు పల్లాల్లోకి వేళ్ళతో కూరుతూ తర్వాత ఎత్తుల మీదకి, ఆ తర్వాత అంచులకి. అదయ్యాక మిగతా సగం. చపాతీ కర్ర, క్రెడిట్ కార్డు లాంటివేమీ వద్దు, అరచెయ్యే వాడండి, కర్రతో నొక్కితే స్పాంజి చచ్చి అక్కడ మాత్రం గీత కనపడుతుంది. లైట్ల దగ్గర అంటించాకే వెనక నుంచి ఇంటూ గుర్తులా కోసి ముక్కల్ని వెనక్కి మడిచి అంటించండి, ముందే గుండ్రంగా కోశారో అయిపోయారు.

గమ్ విషయం. లైనింగ్ కోసమే అని రాసిన స్ప్రే కొనండి, 3ఎం లాంటి కంపెనీలవి ఉన్నాయి, సెడాన్‌కి రెండు మూడు డబ్బాలు పడుతుంది. డబ్బా మీద ఎంత వేడి దాకా తట్టుకుంటుందో ఉంటుంది, అది 70 సెల్సియస్‌కి తక్కువైతే అక్కడే పెట్టేసి రండి, అమెరికా డబ్బా అయితే ఫారెన్‌హీట్‌లో 160 అలా ఉంటుంది, చూసి మోసపోవద్దు. ఇక సెల్లార్‌లో చేస్తారా అంటే, బండి విప్పడం చేసుకోండి గానీ స్ప్రే మాత్రం టెర్రస్ మీదకి పట్టుకెళ్ళి కొట్టండి. ఆ గమ్ ఆవిరి పెట్రోలులాగే అంటుకుంటుంది, సెల్లార్‌లో గాలి ఆడదు, జనరేటర్లూ మోటర్లూ ఉంటాయి. మాస్క్ పెట్టుకోండి. పొడి గీకేటప్పుడు కూడా, నేను పెట్టుకోకుండా రెండ్రోజులు పసుపు తుమ్ములు తుమ్మా.


ఓరుగల్లు_పోరడు:

అన్నా నేను సిరంజి బాధితుణ్ణి, ఇన్నాళ్లకు నా బాధ చెప్పుకునే జాగ దొరికింది. పోయిన మార్చిల చేపిచ్చిన, మూడు వేలు తీసుకున్నడు, చేసినప్పుడు మస్తుగ కనిపిచ్చింది, నేను కూడ ఖుషీ అయి చాయ్ తాపిచ్చిన. ఏప్రిల్ పదో తారీఖుకు ముందుగాల ఊడని జాగ కూడ ఊడింది. పైకెళ్లి నల్ల మరకలు, బండి ఎక్కుతే గమ్ వాసనకు తల నొయ్యవట్టె. మల్ల పోయి అడిగితే ఎండల పెట్టినవ్ గదా అన్నడు. బండి ఎండల గాక ఫ్రిజ్‌ల పెడ్తమా అన్నా?

మల్ల వేరే తాన మంచిగ చేపిచ్చిన, అప్పుడు తెలిసిన ముచ్చట్లు చెప్త. బండి ఇచ్చే ముందు షాపాయన్ను మూడు మాటలు అడుగు. అట్ట బయటికి తీస్తవా లేదా. పాత స్పాంజి దేంతోని గీకుతవ్. గమ్ ఏది వాడ్తవ్, డబ్బా చూపియ్యి. మూడో దానికి మొకం తిప్పుకుంటే బండి స్టార్ట్ చేసుకోని రా. కొందరు చెప్పుల సొల్యూషన్ బ్రష్‌తోని పూసేస్తరు, అది ఆడీడ ముద్దలు ముద్దలైతది, ముద్దలన్నీ గుడ్డ మీదికెళ్లి చికెన్‌పాక్స్ లెక్క కనవడ్తయ్. సొల్యూషన్ అని కాదు, మంచి సింథటిక్ రబ్బరు గమ్ స్ప్రే గన్‌తోని పలచగ కొట్టేటోళ్లు ఉన్నరు, వాళ్ల పని మంచిగనే ఉంటది.

ఇంకోటి, రంగు. షాపుల ట్యూబులైట్ కింద చూస్తే బూడిద రంగులన్నీ ఒక్క తీర్గనే కనిపిస్తయ్. బండి సన్‌వైజర్ ఊడదీసి పట్టుకపో, బయట ఎండల గుడ్డ పక్కకు పెట్టి చూడు. నేను సూడలే, ఇప్పుడు నా బండిల పైన ఒక రంగు, పిల్లర్లు ఒక రంగు, వైజర్లు ఇంకో రంగు.

బండి ఇచ్చేటప్పుడు ఒకపాలి లోపల మొత్తం వీడియో తీస్కో, ఏ బటన్ పని చేస్తుందో ఏది చేస్తలేదో. అట్ట వెనకాల బ్లూటూత్ మైకు వైరు, లైట్ల వైర్లు అన్నీ గమ్‌తోని అంటిచ్చి ఉంటయ్, వాళ్లు పీకినప్పుడు ఏదన్న తెగితే నీ బండిల ముందే లేదన్నా అంటరు.


లెక్కలు_మాస్టారు:

పదహారు వేలు పైకప్పుకి, రేపు ఇంజెక్టర్లు, ఎల్లుండి ఏసీ కంప్రెసర్. పదిహేనేళ్ళ బండికి ఇంత సేవ దేనికి, ఆ డబ్బు కొత్త చిన్న కారు డౌన్ పేమెంట్‌లో వేసుకోవచ్చుగా.


బెజవాడ_బండి:

మాస్టారూ, ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదండి. ఇంజను బాగుంది, ఆర్సీ అయిదేళ్ళుంది, ఇంక పైకప్పు కోసం బండి అమ్ముకుంటారా. అమ్మాలన్నా పైన షామియానా చూసి కొనేవాడు యాభై వేలు తగ్గించి అడుగుతాడు.

పందిరిగారూ, ఇంట్లో చేయొచ్చా అంటే డాలస్ ఆయన చెప్పినదంతా కరెక్టే. నా సలహా అడిగితే విప్పడం బిగించడం షాపుకే వదిలేయండి, ఎయిర్‌బ్యాగులున్న బండిలో మొదటిసారి నేర్చుకోవడం ఎందుకు. కానీ అట్ట బయటికి తీసిన రోజు మాత్రం షాపు దగ్గర ఉండండి.


నెత్తిన_పందిరి:

అప్‌డేట్ ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, సారీ.

పదహారు వేలాయన దగ్గరికే వెళ్ళా. ఓరుగల్లు తమ్ముడు చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగా. ఆయన నవ్వి లోపలికి తీసుకెళ్ళి నిన్ననే గీకిన ఇంకో బండి అట్ట చూపించి చెయ్యి రాసి చూడమన్నాడు, బెజవాడ అన్న చెప్పినట్టే రాసి చూశా, అంటలేదు, బండి తాళం ఇచ్చేశా. ముందు రోజు రాత్రే సన్‌రూఫ్‌లో నీళ్ళు పోసి చూశా, ఎడమవైపు గొట్టం బాగానే ఉంది, మరక ఉన్న కుడివైపు మాత్రం నీళ్ళు కదల్లేదు. నైలాన్ తీగ తోస్తే ఓ జానెడు దూరంలో ఆగింది, మెల్లగా తిప్పుతూ తోస్తే ఒక్కసారిగా కింద బుళుక్కుమని నల్లటి నీళ్ళు, దాంతోపాటు కానుగ పూల చెత్త ముద్దలా వచ్చి పడింది. ఏడేళ్ళుగా మా వీధి చివర కానుగ చెట్టు నీడ ఉందని మురిసిపోయి దానికిందే పెడుతున్నా.

అట్ట తీసే రోజు సెలవు పెట్టి కూర్చున్నా. పాత గుడ్డ లాగుతుంటే కుర్రాడు కాటన్ రుమాలు కట్టుకున్నాడు, నేను మాస్క్ ఇస్తే అలవాటు లేదు సార్ అన్నాడు, బలవంతంగా పెట్టించా. గీకిన పొడి ఊడ్చి ఎత్తితే ఒక సంచీ నిండా వచ్చింది, ఇదంతా నా నెత్తిమీద ఉందా అనిపించింది. అట్ట కుడివైపు మూల, మరక ఉన్నచోట, తడిసి తడిసి మెత్తబడి పొరలుగా విడిపోయి ఉంది. అలాగే గుడ్డ వేసేద్దాం అన్నారు, నేను ఒప్పుకోలా. వెనకవైపు నుంచి ఫైబర్ మ్యాట్, రెసిన్ పెట్టి గట్టి చేశారు, దానికి ఇంకో పన్నెండొందలు, ఒక రోజు ఎక్స్‌ట్రా పట్టింది. పిల్లర్ క్లిప్పులు కొత్తవి నేనే తెప్పించి ఇచ్చా. రంగు వైజర్ ఊడదీసి ఎండలో పెట్టి చూశాకే ఒప్పుకున్నా, మూడు తాన్లు తిప్పి తిప్పి చూస్తుంటే షాపాయన పట్టుచీరకి కూడా ఇంత చూడరు సార్ అన్నాడు. మొత్తం పిల్లర్లతో కలిపి ఇరవై వేల మూడొందలు అయింది. మాస్టారూ, తిట్టకండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగలేదు, మైకు పనిచేస్తోంది, వీడియో తీసి పెట్టుకున్నా కానీ అవసరం రాలేదు. మొన్న రాత్రి గంటసేపు కుండపోత కురిసింది, పొద్దున్నే లేచి బ్రష్ కూడా వేసుకోకుండా కిందికెళ్ళి టార్చ్ వేసి చూశా, చుక్క తడి లేదు. చెట్టు కింద పెట్టడం మానేశా, ఇప్పుడు ఎండలో మాడుతోంది, ముందు అద్దానికి సన్‌షేడ్ కొన్నా. మా పెద్దాడు ఎక్కి పైకి చూసి, షామియానా తీసేశారా, బోర్ నాన్నా అన్నాడు.

ఒక్కటి మిగిలింది. స్పీడ్‌బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక లైటు దగ్గర టిక్ టిక్ అని గోరుతో కొట్టినట్టు చప్పుడొస్తోంది, లైనింగ్ పైకి నొక్కి పట్టుకుంటే ఆగుతోంది. మళ్ళీ విప్పాలంటారా?


బెజవాడ_బండి:

విప్పక్కర్లేదు. ఆ లైటు వైరు ముందు అట్టకి అంటించి ఉండేది, ఇప్పుడు వదులుగా ఉండి రేకుకి కొట్టుకుంటోంది. లైటు ఒక్కటీ ఊడదీసి ఆ సందులోంచి రెండు వేళ్ళు పెట్టి వైరుకి స్పాంజి గుడ్డ ముక్క చుట్టి టేపు వేయండి. రెండున్నర మీటర్లలో ముక్కలు మిగిలే ఉంటాయిగా, షాపాయన్ని అడిగి తెచ్చుకోండి.